ఒకటి, మూడు, ఐదు, ఏడు

సోమవారం ఉదయం పదిన్నరకు నీటిగుర్రం గొంతు మళ్లీ పట్టేసింది.

"నాకు నీళ్లంటే భయం బాబోయ్!" అని అది అరవాలి. తెరమీద నోరు బార్లా తెరిచింది కూడా. కానీ "నాకు నీళ్లు... నీళ్లు... నీళ్లు... నీళ్లు..." అంటూ అక్కడే ఇరుక్కుపోయింది. సౌండు గది తలుపు తెరిచే ఉండటంతో ఆ మొర హాలంతా వినిపించింది. ఎడిటింగ్ చేసే కత్తెర మాస్టారు తల ఎత్తకుండానే తన నీళ్ల సీసా తీసుకెళ్లి ఆ గది గడప మీద పెట్టి, వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. మూడు వారాలుగా ఆయన రోజూ చేస్తున్న పనే అది.

అది కార్టూన్ సినిమాలు తీసే స్టూడియో. మూడో అంతస్తులో ఒక పొడవాటి హాలు, దాని చుట్టూ ఆరు గదులు, ఇరవై నాలుగు మంది మనుషులు. రెండేళ్లుగా అందరూ కలిసి తీస్తున్నది, నీళ్లంటే భయపడే నీటిగుర్రం కథ.

స్టూడియోలో ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ పిచుక బాధ్యత. ఆమె అసలు పేరు కాగితాల మీదే ఉంది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని మేనమామ ముద్దుగా పిచుక అన్నాడు. ఆ మేనమామే స్టూడియో యజమాని కావడంతో ముప్పై నాలుగేళ్లు వచ్చినా ఆఫీసులో ఆమె పిచుకే. కొత్తగా చేరినవాళ్లు గౌరవంగా "పిచుకగారూ" అంటారు. అదింకా చికాకు ఆమెకు.

ఆ ఉదయం ఆమె వచ్చేసరికి సౌండు గదిలోంచి బాబాయ్ దూసుకొచ్చాడు. బాబాయ్ అంటే మావయ్యకు బావమరిది, అత్తయ్యకు తమ్ముడు. శబ్దాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి, నీటిగుర్రం గొంతూ ఆయనదే. మెడలో హెడ్‌ఫోన్, దాని తీగ నేలమీద ఈడ్చుకుంటూ ఎదురుగది ముందు నిలబడ్డాడు.

"అక్కా! మళ్లీ లాగావా?"

ఎదురుగది అత్తయ్యది. సినిమాలో అడవులు, ఆకాశాలు, చెరువులు అన్నిటికీ రంగులు వేసేది ఆవిడే. ఆవిడ తెరమీద నుంచి చూపు తిప్పకుండా అంది. "నా చెరువుకి నేను రంగేసుకుంటున్నాను. నీ నీటిగుర్రానికి నత్తి వస్తే నేనేం చెయ్యను?"

"నువ్వు చెరువు తెరిచినప్పుడల్లా నా బొమ్మ ఆగిపోతోంది. బొమ్మ ఆగితే నేను గొంతు ఎలా కలపను?"

"అయితే చెరువు లేకుండా సినిమా తియ్యండి. ఎలాగూ దానికి నీళ్లంటే భయమేగా!"

హాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కాతమ్ముళ్ల మధ్య మూడు వారాలుగా ఈ మాటలే తప్ప వేరే మాటల్లేవు. కొత్త స్విచ్ వచ్చినప్పటినుంచీ ఇదే వరస.

స్విచ్ అంటే గోడమీద టక్కున నొక్కేది కాదు. కంప్యూటర్లన్నిటి కేబుళ్లూ వచ్చి చేరే పెట్టె. సినిమా అంతా ఒక పెద్ద నిల్వ యంత్రంలో ఉంటుంది. ఎవరికి ఏ ముక్క కావాలన్నా ఈ పెట్టెలోంచే రావాలి. పాత స్విచ్ అందరికీ సమానంగా నెమ్మదిగా ఉండేది కాబట్టి ఎవరికీ ఎవరిమీదా అనుమానం ఉండేది కాదు. కొత్తదాన్ని మావయ్య స్వయంగా ఎంచుకున్నాడు. కేబుళ్లు గుచ్చే పోర్టులు ముప్పై రెండు, ఒక్కో పోర్టుకీ పక్కన వేగం పది గిగాబిట్లు అని రాసి ఉంది. అది చూసి ఆయన హాలు మధ్యలో నిలబడి, "ఇకనుంచి ఒక్కొక్కరికీ పదేసి!" అని చెయ్యెత్తి ప్రకటించాడు. పిచుక సెలవులో ఉండటంతో కేబుళ్లు కూడా తనే గుచ్చేశాడు.

"చెప్పవే," అన్నాడు మావయ్య ఇప్పుడు, పిచుకను యంత్రాల గదిలోకి లాక్కెళ్లి. "పది అని రాసి ఉందా, లేదా?"

"ఉంది మావయ్యా."

"మరి నా ఇంటివాళ్లే ఎందుకు కొట్టుకు చస్తున్నారు?"

"ముందువైపు ఒక్కోదానికీ పదే. కానీ లోపల నాలుగేసి పోర్టులకి కలిపి ఒకటే దారి. ఆ దారికి కూడా పదే."

మావయ్య పెట్టె వెనక్కి వంగి చూశాడు, దారి కనిపిస్తుందేమోనని. "అంటే ముప్పై రెండు వాకిళ్లు పెట్టి, లోపల ఎనిమిది దార్లే వేశారా?"

"అంతే."

"ఇది మోసం కదే!"

"మోసం కాదు మావయ్యా. పుస్తకంలో రాసే ఉంది. నలుగురూ ఒకే క్షణంలో పూర్తిగా లాగరు, ఒకళ్లు లాగుతుంటే మిగతావాళ్లు ఊరుకుంటారు అని లెక్క వేసి చేస్తారు."

"ఎవరు వేశారా లెక్క?"

"దీన్ని తయారుచేసినవాళ్లు."

"వాళ్లకి మన కుటుంబం తెలీదుగా," అన్నాడు మావయ్య నిట్టూర్చి. "దీనికి మందు లేదా?"

ఉందని చెప్పింది పిచుక. ఆ నాలుగు పోర్టులూ మామూలుగా ఉమ్మడి పద్ధతిలో ఉంటాయి. కావాలంటే సొంత పద్ధతికి మార్చొచ్చు. అప్పుడు గుంపులో మొదటి పోర్టు ఒక్కదానికే దారంతా దక్కుతుంది, మిగతా మూడూ మూతపడతాయి.

ఉమ్మడి, సొంతం అన్న మాటలు వినగానే మావయ్య మొహం మారిపోయింది. "నా కళ్లముందే వేరు కాపురాలా?"

"కాపురాలు కాదు మావయ్యా, పోర్టులు."

"మొదట పోర్టులే అంటారు," అన్నాడాయన. కానీ ఆ రోజు పన్నెండింటికి చానెలావిడ వస్తోంది. పిల్లల చానెల్లో ఏ సినిమా వేయాలో తేల్చేది ఆవిడే. ఆవిడ ముందు నీటిగుర్రం నీళ్లు నీళ్లు అని అడుక్కుంటే పరువుపోతుంది. అందుకని "సరే, బావమరిదికి సొంతం చేసెయ్. ఆవిడ వెళ్లేదాకానే," అన్నాడు.

బాబాయ్ కేబుల్ ఒకటో పోర్టులో ఉంది. గుంపుకు నాలుగు కదా, అయితే ఒకటి, రెండు, మూడు, నాలుగు ఒక గుంపు అనుకుంది పిచుక. ఎవరైనా అలాగే అనుకుంటారు. రెండులో ఉన్న కత్తెర మాస్టారిని, మూడులో ఉన్న అత్తయ్యను, నాలుగులో ఉన్న ప్రింటరును ఊడదీసి దూరంగా ఉన్న ఖాళీ పోర్టులకు మార్చింది. మూడూ ఖాళీ అయ్యాయని రెండుసార్లు సరిచూసుకుంది. పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా ఒకటో పోర్టును సొంతం చేసింది.

నీటిగుర్రం గొంతు గంట మోగినట్టు పలికింది. "నాకు నీళ్లంటే భయం బాబోయ్!" బాబాయ్ గదిలోంచే ఈల వేశాడు. పిచుక చేతులు దులుపుకుంది.

సరిగ్గా అప్పుడే మావయ్య బయట మెట్ల దగ్గర చానెలావిడకు స్వాగతం చెప్పి, స్టూడియో తలుపు దగ్గరికి తీసుకొచ్చి, జేబులోంచి కార్డు తీసి దర్జాగా తలుపు పక్కన కార్డు చదివే డబ్బాకు ఆనించాడు. తలుపు కదల్లేదు. తిప్పి ఆనించాడు. చొక్కాకు తుడిచి ఆనించాడు. ఊహూ.

లోపలి శబ్దం బయటికి, బయటి శబ్దం లోపలికి రాకూడదని రెండు పొరల దళసరి అద్దంతో చేసిన తలుపది. ఆయన అరుపులు లోపల ఎవరికీ వినపడవు, మనిషి మాత్రం నిలువెత్తునా కనిపిస్తాడు. లోపలివైపు గోడకు ఆకుపచ్చ మీట ఉంది. దాన్ని నొక్కితే తలుపు ఎప్పుడైనా తెరుచుకుంటుంది. మావయ్య వేలితో ఆ మీటను చూపించాడు. బొమ్మలు గీసే ఆరుగురు తలుపుకు ఎదురుగానే కూర్చుంటారు. వాళ్లు తలెత్తి చూశారు.

"సార్ ఏం చేస్తున్నారు?"

"నీటిగుర్రం చెరువు చూసి కంగారుపడే సీను అనుకుంటా. మొన్న మనం గీసింది నచ్చలేదన్నారుగా. చేసి చూపిస్తున్నారు."

మావయ్య రెండు చేతులూ ఎత్తి అద్దం మీద చరిచాడు. గాలిలో మీట నొక్కాడు. నొక్కండిరా అని ఎగిరాడు. ఒంటికాలిమీద లేచి, బొజ్జ ఊగేలా చిందులు తొక్కాడు. ఆరుగురూ గబగబా కాగితాలు తీసి గీయడం మొదలుపెట్టారు. ఒకాయనైతే, "మళ్లీ ఒకసారి, ఆ పక్కనుంచి," అని చేత్తో సైగ చేశాడు. మావయ్య మొహం కందగడ్డ అయింది. "ఆహా, ఆ బుగ్గలు చూడండి!" అని చప్పట్లు కొట్టారు. పక్కన నిలబడ్డ చానెలావిడకు ఏం చేయాలో తోచక, మర్యాద కోసం తనూ నాలుగు చప్పట్లు కొట్టింది.

యంత్రాల గదిలో పిచుక స్విచ్ మీదికి వంగింది. ఐదో పోర్టు దీపం ఆరిపోయింది. ఏడోదీ ఆరిపోయింది. తను వాటిని ముట్టుకోనే లేదు. ఐదు మావయ్య గది. ఏడు తలుపు డబ్బా.

ఆమె అలమారా మీదినుంచి స్విచ్‌తో వచ్చిన పుస్తకం తీసింది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. పళ్లతో చింపి, పేజీలు తిప్పి, నలభై ఒకటో పేజీలో ఆగింది. అక్కడ బొమ్మ వేసి మరీ చూపించారు. మొదటి గుంపు ఒకటి, మూడు, ఐదు, ఏడు. రెండో గుంపు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. పై వరసలో నాలుగు ఒక గుంపు, కింద వరసలో నాలుగు ఇంకో గుంపు.

పిచుక తల పట్టుకుంది. ఒకటో పోర్టును మళ్లీ ఉమ్మడికి మార్చింది. ఐదు, ఏడు దీపాలు వెలిగాయి. బయట మావయ్య ఆఖరి ప్రయత్నంగా కార్డు ఆనించి తలుపును భుజంతో నెట్టడమూ, తలుపు తెరుచుకోవడమూ ఒకేసారి జరిగాయి. ఆయన హాలులోకి నాలుగడుగులు పరుగెత్తుకొచ్చి ప్రింటరును కావలించుకుని ఆగాడు.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఎంత కష్టపడి చేస్తున్నారండీ," అంది చానెలావిడ మనస్ఫూర్తిగా, ఆరుగురు గీసిన కాగితాలు చూస్తూ. "యజమానే స్వయంగా నటించి చూపించడం నేనెక్కడా చూడలేదు."

మావయ్య చొక్కా సర్దుకున్నాడు. పిచుకవైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో ఉన్నదంతా తర్వాత చెబుతానన్నట్టు, "మా పద్ధతే అంతండీ," అన్నాడు చానెలావిడతో.

ఆవిడ వెళ్లాక చెప్పాడు కూడా. చాలాసేపు చెప్పాడు. అంతా విని పిచుక ఒకే ప్రశ్న అడిగింది. "మావయ్యా, ఈ కేబుళ్లు ఏ లెక్కన గుచ్చారు?"

"లెక్కేముంది? పై వరస మనవాళ్లకి, కింద వరస మిగతావాళ్లకి. బావమరిది, మీ అత్తయ్య, నేను."

"తలుపు?"

"తలుపు కూడా మనింటిదేగా."

అంటే కొట్టుకునేవాళ్లందరినీ ఏరి ఒకే గుంపులో కూర్చోబెట్టాడాయన. కింద వరసలో పనివాళ్లు మూడు వారాలుగా చీకూచింతా లేకుండా బొమ్మలు గీసుకుంటున్నారు.

పిచుక ఈసారి తొందరపడలేదు. కేబుళ్లన్నీ ముందున్నట్టే పెట్టేసి, రెండు రోజులపాటు ఎవరెంత లాగుతున్నారో కొలిచి, ఒక్కొక్కరికీ ఒక గీతగా కాగితం మీద వేసుకుంది. అత్తయ్య గీత చెరువు తెరిచినప్పుడు లేచి, మళ్లీ పడిపోయేది. బాబాయ్ గీత కప్పలా గెంతుతూ ఉండేది. తలుపు గీత నేలను అంటిపెట్టుకుని ఉంది. నాలుగో గీత మాత్రం ఉదయం తొమ్మిదింటికి లేచి, సాయంత్రం ఆరు దాకా గోడ కట్టినట్టు నిలబడింది. పది గిగాబిట్లలో ఆరు పైచిలుకు అదే మింగుతోంది. అది ఐదో పోర్టు.

ఆమె మావయ్య గదికి వెళ్లింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఎదురుగా గోడంత తెరమీద, సినిమాలో పూర్తయిన పదిహేడు నిమిషాలూ శబ్దం లేకుండా ఆడుతున్నాయి. అయిపోగానే మళ్లీ మొదటికొచ్చాయి.

"మావయ్యా, ఇది రోజంతా ఆడుతుందా?"

"ఆడాలిగా. ఎవరైనా వస్తే చూడొద్దూ?"

"ఈ మూడు వారాల్లో ఎవరొచ్చారు?"

"చానెలావిడ."

"ఆవిడ ఎంతసేపు చూశారు?"

"ఆవిడ తలుపు బయటే ఎక్కువసేపు ఉందిలే."

పిచుక గీతలున్న కాగితం ఆయన ముందు పెట్టింది. అత్తయ్యా, బాబాయ్ కొట్టుకుంటున్నది మిగిలిన నాలుగింటి కోసమని, ఆరు ఈ గోడే తింటోందని చెప్పింది. సినిమాను ఎంత కుదించకుండా, ఎంత నాణ్యంగా పెట్టుకుంటే అంత బరువని, అదీ చుట్టు తిరిగిన ప్రతిసారీ మొత్తం మళ్లీ కొత్తగా వస్తుందని చెప్పింది. మావయ్య కాగితాన్ని చాలాసేపు చూశాడు. తిరగేసి కూడా చూశాడు.

"మీ అత్తయ్యకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. తమ్ముడితో మాటలు మానేసింది. నాతో కూడా మానేస్తే ఇక ఇంట్లో కుక్కర్ తప్ప మాట్లాడేది ఉండదు."

పిచుక ఆ పదిహేడు నిమిషాలకూ చిన్న నకలు తీసి ఆయన కంప్యూటర్లోనే పెట్టేసింది. మావయ్య తెరను అటునుంచీ ఇటునుంచీ చూసి, "నీటిగుర్రం చిక్కిపోయినట్టు లేదూ?" అన్నాడు.

"తెర అంతే ఉంది, గుర్రం అంతే ఉంది మావయ్యా."

"ఏమో. బుగ్గలు పీక్కుపోయాయి," అన్నాడు బెంగగా. కానీ మార్చమనలేదు.

మర్నాడు ఆమె కాగితం మీద ఎనిమిది గుంపులు గీసుకుని, ఒక్కో గుంపులోనూ ఎక్కువ లాగేవాళ్లను ఒకళ్లకు మించకుండా వేసింది. మిగిలిన పోర్టులు అంతగా లాగనివాళ్లకు. బాబాయ్‌తో పాటు ప్రింటరు, తలుపు. కత్తెర మాస్టారితో పాటు ఉత్తరాలు రాసే ఇద్దరు. అత్తయ్యను రెండో పోర్టుకు మార్చింది.

మావయ్య వచ్చి చూసి ఉలిక్కిపడ్డాడు. "మీ అత్తయ్యని కింద వరసలో పెట్టావా?"

"మనవాళ్లంతా పై వరసలో ఉండబట్టే కదా మావయ్యా కొంప మునిగింది!"

"నాకు తెలుసు. ఆవిడకి నువ్వే చెప్పు," అని ఆయన చరచరా వెళ్లిపోయాడు.

చెప్పనక్కర్లేకపోయింది. పిచుక పెన్నుతో నంబర్లు రాసి కేబుళ్ల మీద చిన్న చిన్న చీటీలు అతికిస్తుంటే, సాయంత్రం నాలుగింటికి అత్తయ్యే యంత్రాల గదికి వచ్చింది. ఆ గది చల్లగా ఉంటుంది, అందుకని కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. కాసేపు దీపాలు చూసింది.

"ఇందులో నాది ఏది?"

పిచుక చూపించింది.

"దానిపైన ఉన్నది?"

"బాబాయ్‌ది. ఆయన ఒకటి, మీరు రెండు."

"అంటే ఇంకా పక్కపక్కనేనా?"

"చూడ్డానికి అలా ఉంటుంది అత్తయ్యా. లోపల మీ దారి వేరు, ఆయన దారి వేరు. ఇకమీదట మీరెంత లాగినా ఆయనకి తెలీదు."

అత్తయ్య తల ఊపింది. వెళ్లిపోతుందనుకుంది పిచుక. ఆవిడ వెళ్లలేదు. పొద్దున్నించీ సౌండు గదిలోంచి ఎవరూ వచ్చి తన గుమ్మం ముందు అరవలేదని, ఒకటికి రెండుసార్లు తలుపువైపు చూశానని, ఏదో మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది.

"వాడికి సరిపోతోందా?" అని అడిగింది చివరికి.

"సరిపోతోంది."

"చిన్నప్పుడు మంచమంతా తనదే అని అడ్డంగా పడుకునేవాడు. నేను గోడకి అతుక్కుని పడుకునేదాన్ని." ఆవిడ రెండో పోర్టు కేబుల్‌ను వేలితో సర్దింది. "నా దాంట్లో మిగిలింది వాడికి పంపే వీలుంటుందా?"

"అలా కుదరదు అత్తయ్యా."

"పోనీలే. మధ్యాహ్నం రెండింటికి వాడు గొంతు కలుపుతాడు కదా. ఆ గంటా నేను ఏదీ తెరవను. బయట కూర్చుంటాను."

మీరు తెరిచినా తెరవకపోయినా ఆయనకు ఒకటేనని, ఇప్పుడే కదా చెప్పానని అనబోయింది పిచుక. సగం నోరు తెరిచింది కూడా. అత్తయ్య మొహం చూసి, "మంచిది అత్తయ్యా," అని ఊరుకుంది.

మర్నాడు రెండు కాగానే అత్తయ్య తన తెర ఆపేసి, నడవలో కిటికీ పక్కనున్న బల్లమీద కూర్చుని బత్తాయి ఒలుచుకోసాగింది. మూడో రోజు బాబాయ్ పిచుకను సౌండు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"అక్కకి ఒంట్లో బాగోలేదా? పని మానేసి అలా కూర్చుంటోందేంటి?"

"మీకోసమే బాబాయ్. మీ పని ఆగకూడదని."

బాబాయ్ హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. "దానివల్ల నాకేమైనా ఉపయోగముందా?"

"రవ్వంత కూడా లేదు."

"అక్కకి ఆ సంగతి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు," అన్నాడాయన. తర్వాత పని ఆపేసి, తన చక్రాలున్న ఆఫీసు కుర్చీని గదిలోంచి నడవలోకి నెట్టుకుంటూ వెళ్లాడు. అత్తయ్య తలెత్తలేదు. బల్ల మీదున్న తొక్కలను మాత్రం చేత్తో ఒకవైపుకు జరిపింది.